కాళ్లలో నరాలు ఉబ్బితే ఊరుకోవద్దు
(గ్రామ సంఘం సమావేశంలో చేసిన ప్రసంగం)



మద్దతు ధర గురించి, ఎరువుల గురించి ప్రతిసారీ మాట్లాడుకుంటాం. ఈ రోజు మన కాళ్ల గురించి మాట్లాడుకుందాం.

నాట్ల కాలంలో పొద్దున దిగితే సాయంత్రం దాకా బురదలోనే ఉంటాం. రాత్రికి కాళ్లు బరువెక్కుతాయి, పిక్కలు పట్టేస్తాయి. పిక్కల మీద నీలంగా, మెలికలు తిరిగి ఉబ్బేవాటిని మనం నరాలంటాం. నిజానికి అవి రక్తాన్ని తిరిగి గుండెకు చేర్చే సిరలు. డాక్టర్లు ఈ జబ్బును వెరికోస్ వెయిన్స్ అంటారు.

బావి మోటారు పైపుకు ఫుట్‌వాల్వు ఉంటుంది కదా! ఎక్కిన నీరు కిందికి జారకుండా ఆపుతుంది. సిరల్లోనూ అలాంటి కవాటాలున్నాయి. నడిచినప్పుడు పిక్క కండరం పంపులా నొక్కి రక్తాన్ని పైకి తోస్తుంది. గంటల తరబడి నిలబడితే ఆ పంపు సరిగా పనిచేయదు. కవాటాలు పాడైతే రక్తం కిందే నిలిచి సిర ఉబ్బుతుంది. ఇంట్లో పెద్దలకు ఉన్నవారికి, కాన్పులైన ఆడవారికి, ఒళ్లు బరువున్నవారికి ఇది ఎక్కువ.

మా ఊళ్లో నాట్లకు వెళ్లే ఒక అక్కకు చీలమండ దగ్గర చర్మం నల్లబడి, దురద పెట్టి, పుండు పడింది. పసుపు, ఆకు పసర్లు పెడుతూ ఏడాది ఈడ్చింది. రోగం పైన సిరలో ఉంటే కింద పుండుకు పసరు పెడితే మానుతుందా?

గంటకోసారి గట్టెక్కి నాలుగడుగులు నడవండి, మడమలు ఎత్తి దించండి. ఇంటికొచ్చాక కాళ్ల కింద దిండ్లు పెట్టి, గుండె కంటే ఎత్తులో ఉంచి పావుగంట పడుకోండి. బిగుతు మేజోళ్లు డాక్టరు చెబితేనే వాడండి. షుగరు ఉన్నవారు, పొగ తాగేవారు ఆ సంగతి ముందే డాక్టరుకు చెప్పాలి.

సిర చిట్లి రక్తం కారితే వెంటనే పడుకుని, కాలు పైకెత్తి, శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టాలి. తర్వాత ఆసుపత్రికి వెళ్లాలి. ఒక్క కాలే హఠాత్తుగా వాచి నొప్పి పుడితే లోపల రక్తం గడ్డకట్టి ఉండొచ్చు. మర్దన చేయకుండా ఆ రోజే డాక్టరుకు చూపించండి. ఆయాసం కూడా వస్తే 108కి ఫోన్ చేయండి.

డాప్లర్ స్కాన్ తీస్తే ఎక్కడ కవాటం పాడైందో తెలుస్తుంది. అవసరమైతే ఆపరేషన్ గానీ లేజర్ గానీ చేస్తారు. ఆరోగ్యశ్రీ వర్తిస్తుందేమో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను ముందే అడగండి.

చివరగా ఒక మాట. గుత్తకు నాటేటప్పుడు వెనకబడతామని ఎవరూ గట్టెక్కరు. రోజు కూలికి వచ్చినవాళ్లు మనం ఏమంటామోనని ఎక్కరు. కూలికి పిలిచేది మనమే కదా! ఈ నాట్ల నుంచే సంఘం సభ్యుల పొలాల్లో గంటకు ఐదు నిమిషాలు ఆగుదాం. ఆ ఐదు నిమిషాలకు కూలి కోయొద్దు. ఎద్దు కుంటితే కాడి దించుతాం. మనిషి కాలికి ఆ మాత్రం విలువ ఇవ్వలేమా?