ఇంజనుకు ఆయిలు ఎంత పోయవలెను?

(మామిడి రైతుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



పూతకు ముందు మామిడికి నీరు ఎక్కువైతే ఏమగునో నూజివీడు ప్రాంతపు రైతులకు నేను చెప్పనక్కరలేదు. పూత రావలసిన కొమ్మ చిగురు వేయును. నీరు మంచిదే, కాని కొలత తప్పితే చెరుపు చేయును. మీ కారు, ట్రాక్టరు ఇంజనులలో పోయు ఆయిలు సంగతి కూడ ఇంతే. తక్కువైతే ఇంజను పట్టివేయునని అందరికి తెలియును. ఎక్కువైనను ముప్పేనని చాలమందికి తెలియదు.

ఒక పూత కాలములో నేనొక తోటకు వెళ్లితిని. మందు చల్లవలసిన ట్రాక్టరు నీలిపొగ చిమ్ముచు నిలిచి ఉన్నది. సీలు వద్ద ఆయిలు కారుచున్నది. "మంచిదని ఒక లీటరు ఎక్కువే పోయించానండీ" అన్నాడు రైతు. బాగుచేయించుటకు నాలుగు దినములు పట్టినది. ఈలోగా తేనెమంచు పురుగు పూతగుత్తుల రసము పీల్చివేసినది. ఆ లీటరు ఆయిలు ఖరీదు ఎంత? పోయిన పూత ఖరీదు ఎంత?

ఇంజను అడుగున ఆయిలు నిలుచు తొట్టి ఉన్నది. దానికి పైన క్రాంకు షాఫ్టు తిరుగుచుండును. మట్టము మించినచో షాఫ్టు ఆయిలులో మునిగి, కవ్వము మజ్జిగను చిలికినట్లు చిలుకును. నురుగు పుట్టును. నురుగులోని గాలి బేరింగులను కాపాడలేదు.

మరి సరియైన కొలత ఎట్లు తెలియును? బండితో ఇచ్చిన పుస్తకము చూడుడు. అందులో సాధారణముగా ఫిల్టరు మార్చినప్పుడు ఇంత, మార్చనప్పుడు ఇంత అని వేరువేరుగా వ్రాసి ఉండును. పొరుగువారి బండి అదే కంపెనీది అయినను, మోడలు వేరైతే కొలత వేరు. పాత ఆయిలు ఎంత దిగినదో అంతే పోయుట కూడ తప్పు. కొంత అంతకుముందే ఖర్చయి ఉండవచ్చును.

ఫిల్టరుతో 4 లీటర్లని ఉన్నదనుకొనుడు. మొదట మూడున్నర లీటర్లు పోయుడు. ఇంజనును ఒకటి రెండు నిమిషములు నడిపి ఆపుడు, ఫిల్టరు నిండును. పది నిమిషములు ఆగి, కొలత కడ్డీ తీసి శుభ్రమైన గుడ్డతో తుడిచి, తిరిగి పూర్తిగా దింపి తీసి చూడుడు. తడి రెండు గుర్తుల నడుమ ఉండవలెను. పై గుర్తు చేరువరకు కొంచెము కొంచెముగా పోయుడు, దానిని దాటనీయకుడు. వేడి మీద చూడవలెనా, చల్లారిన తరువాత చూడవలెనా అనునది పుస్తకము చెప్పినట్లు చేయుడు.

తోటలో నేల ఎగుడుదిగుడుగా ఉండును. ఒరిగిన బండిలో కడ్డీ అబద్ధము చెప్పును. కనుక సమతలమైన చోటికి తెచ్చియే కొలువవలెను. ఎక్కువైనచో అడుగు బోల్టు వదులుచేసి, కొద్దికొద్దిగా దింపి, మరల కొలువవలెను.

మీరు పోయకుండగనే మట్టము పెరిగినచో అందులో డీజిలో, పెట్రోలో, నీరో కలియుచున్నదని అనుమానించుడు. ఆయిలు పాలవలె తెల్లబడినచో నీరు కలిసినట్లే. అట్టి ఇంజనును నడుపక మెకానిక్కుకు చూపుడు.

వీపున తగిలించుకొను టూ స్ట్రోకు స్ప్రేయరులో ఆయిలు తొట్టి ఉండదు. ఆయిలును పెట్రోలులో కలుపవలెను. 25కు 1 పాలు అని ఉన్నచో లీటరు పెట్రోలుకు 40 మిల్లీలీటర్లు. 50కి 1 అయితే 20 మిల్లీలీటర్లు. చేతి అందాజు పనికిరాదు, కొలత గ్లాసు ఉంచుకొనుడు.

దింపిన పాత ఆయిలును చెట్టు మొదళ్లలోగాని కాలువలోగాని పోయకుడు. డబ్బాలో పట్టి, పాత ఆయిలు తీసుకొను అనుమతి గలవారికి ఇయ్యుడు.

చివరగా ఒక మాట. ఏ బండికి ఎన్ని లీటర్లు, ఎప్పుడు మార్చితిరి అను రెండు సంగతులు ఒక చీటీపై వ్రాసి కొట్టములో అంటించుడు. పూత మొదలగుటకు ముందే ఒకసారి కడ్డీ తీసి చూడుడు. పూత మీ ఇంజను బాగుపడువరకు ఆగదు.