పల్లపు దారిలో డీజిలు బండికి చేతిమీట

బండికి ఎక్కుట కష్టము, దిగుట సులభము అనువారు కొండదారిని ఎన్నడును బండి తోలియుండరు. నిండు బస్తాల బండి పల్లమునకు దిగునప్పుడు కాడి వచ్చి ఎద్దుల మెడమీద పడును. ఎద్దులు కాళ్లు తన్నిపెట్టి బరువును వెనుకకు ఆపుకొనుచు దిగవలెను. ఈ సంగతి మీలో అనేకులకు నాకంటె బాగుగా తెలియును. నేడు నేను చెప్పదలచినదియు ఇదియే. అయితే ఇచట ఎద్దులకు మారుగా డీజిలు ఇంజను కలదు.

మన లారీలలో చాలవాటికి కాలితో త్రొక్కు క్లచ్చి ఉన్నది. దానిని త్రొక్కనంతవరకు ఇంజను, చక్రములు ఒకదానితో ఒకటి ముడిపడియే యుండును. తిరుమల కొండ దిగు డీజిలు బస్సులో కూర్చున్నవారు ఇంజను గట్టిగా మూలుగుట వినియే యుందురు. డ్రైవరు చిన్న గేరు వేసి, యాక్సిలరేటరు మీద కాలు తీసివేయును. అప్పుడు ఇంజను చక్రములను త్రిప్పుట మాని, చక్రములే ఇంజనును త్రిప్పవలసివచ్చును. ఆ మూలుగు ఎద్దు కాలు తన్నిపట్టిన చప్పుడే.

అమెరికాలో రైతులు వాడు పికప్పు లారీలలో చాల భాగము గేర్లను తమంతట తామే మార్చుకొనునవి. వాటికి కాలి క్లచ్చి ఉండదు. దాని స్థానమున టార్కు కన్వర్టరు అను గుండ్రని ఇనుప డొల్ల ఒకటి ఉండును. దాని నిండ పలుచని చమురు. ఇది పనిచేయు తీరు తెలియుటకు మన మజ్జిగ కుండ చాలును. కుండలో కవ్వము త్రిప్పినచో మజ్జిగ సుడి తిరుగును. ఆ సుడిలో రెండవ కవ్వమును వ్రేలాడదీసినచో, ఎవరును త్రిప్పకయే అదియు తిరుగసాగును. మొదటి కవ్వము ఇంజనుది, రెండవది గేరుపెట్టెది. నడుమ తాడు లేదు, సీల లేదు. చమురు మాత్రమే ఉన్నది. కనుక బండి నిలిచియున్నను ఇంజను ఆగిపోక తిరుగుచుండును. ఈ రెండింటి నడుమ మూడవ రెక్కల చక్రము ఒకటి ఉండి, మరలివచ్చు చమురును దారిమళ్లించుటచేత బయలుదేరునప్పుడు ఇంజను త్రిప్పుబలము ఇంచుమించు రెట్టింపగును. దీనిని కనుగొన్నవాడు హెర్మన్ ఫెట్టింగరు అను జర్మను ఇంజనీరు. ఓడల కొరకు ఆలోచించి 1905లో పేటెంటు పొందెను. తరువాత అది నేలమీది బండ్లకు ఎక్కినది.

సుఖమునకు వెల కలదు. రెండవ కవ్వము ఎప్పుడును మొదటిదానికి కొంచెము వెనుకబడియే తిరుగును. ఆ వెనుకబాటు అంతయు చమురులో వేడిగా మారును. డీజిలు ఖర్చు పెరుగును. అందువలన బండి వేగము పుంజుకొనిన పిదప రెండు కవ్వములను ఒకటిగా బిగించు ఘర్షణ పలకను లోపల అమర్చిరి. ఆ బిగింపునకు వారు పెట్టిన పేరు లాకప్పు. మనకు ఈ మాట వినగానే పోలీసు స్టేషను జ్ఞప్తికి వచ్చును గాని, ఇచట బంధింపబడునది కవ్వము మాత్రమే. ప్యాకార్డు కంపెనీవారి కార్లలో 1949లోనే ఇట్టి బిగింపు ఉండెను.

ఈ పలకను ఎప్పుడు బిగింపవలెను, ఎప్పుడు వదలవలెను అను నిర్ణయమును 1990 దశకము నాటి బండ్లలో ఒక చిన్న కంప్యూటరు చేయుచుండెను. అది యాక్సిలరేటరు మీద కాలు తీసినను, బ్రేకు త్రొక్కినను పలకను వదలివేయును. ఎందుకనగా బ్రేకు త్రొక్కినవాడు బండిని ఆపబోవుచున్నాడు. పలక బిగిసియుండగా బండి ఆగినచో ఇంజనును ఆగిపోవును. బల్లపరుపు నేలమీద ఇది తెలివిగల ఏర్పాటే. కాని దీనిని రచించినవారు కొండను మరచిరి. పల్లములో మనము చేయునది సరిగా ఆ రెండు పనులే: యాక్సిలరేటరు వదలుట, బ్రేకు త్రొక్కుట. ఇంజను పట్టు కావలసిన ఆ క్షణముననే ఇంజనుకును చక్రములకును నడుమ చమురు తప్ప ఏమియు మిగులదు.

నేను కొలరాడో రాష్ట్రములో ఉండిన కాలమున మా పొరుగున ఒక వృద్ధ రైతు ఉండెడివాడు. నాలుగు గుఱ్ఱములను ట్రెయిలరులో ఎక్కించుకొని డెన్వరు నుండి పడమటి సీమకు పోయి వచ్చుచుండెను. ఆ దారి 11,000 అడుగులకు పైబడిన ఎత్తున, 1973లో తెరచిన ఐసెన్‌హవరు సొరంగము గుండ పోవును. సొరంగము దాటగానే సుమారు 13 కిలోమీటర్ల పల్లము. కొన్నిచోట్ల వాలు నూటికి ఏడు. అనగా నూరడుగులు నడచునప్పటికి ఏడడుగులు దిగుట. బ్రేకు పోయిన లారీలు ఎక్కి ఆగుటకై దారి ప్రక్కన గులకరాళ్లు పోసిన ఎత్తుబాటలు కట్టియున్నారు. వాటిని చూచినవారికి ఆ పల్లము సంగతి వేరుగా చెప్పనక్కరలేదు.

ఒకనాడు ఆయన సగము దిగునప్పటికి బ్రేకులు కమురువాసన కొట్టి, చక్రముల నుండి పొగ లేచినది. ఎట్లో ప్రక్కకు తీసి, గంటసేపు చల్లారనిచ్చి, ప్రాణములు అరచేత బట్టుకొని ఇల్లు చేరెను. ఆయన భార్య ఇక ఆ బండి ఎక్కనని కూర్చుండెను. మరునాడు ఆయన నా వద్దకు వచ్చెను. తన బండికి ఎగ్జాస్టు బ్రేకు అను ఉపకరణమును బోలెడు డబ్బు పోసి వేయించితిననియు, అది చదునునేల మీద కొంత పనిచేసినను కొండమీద మోసగించుచున్నదనియు చెప్పెను.

ఆయన బరువు లెక్క చూడుడు. బండి, ట్రెయిలరు, గుఱ్ఱములు కలిసి సుమారు 8 టన్నులు. నూటికి ఏడు వాలులో ఒక కిలోమీటరు దిగినచో 70 మీటర్లు క్రిందికి వచ్చును. ఆ దిగుటలో పుట్టు శక్తి అంతయు వేడిగా మారినచో 16 లీటర్ల చన్నీళ్లను తెరలకాచును. గంటకు 60 కిలోమీటర్ల వేగమున పోవునప్పుడు ఇది నిమిషమునకు ఒక కాగు. గాలియు, చక్రముల రాపిడియు కొంత భరించినను, మిగిలినదంతయు నాలుగు చక్రముల బ్రేకులలోనే చేరవలెనన్నచో అవి పొగలు క్రక్కుటలో వింత ఏమున్నది?

ఈ భయము క్రొత్తది కాదు. డీజిలు ఇంజనులకు పేరొందిన క్లెస్సీ కమ్మిన్సు 1931లో తన లారీతో న్యూయార్కు నుండి లాస్ ఏంజెలిసుకు పోవుచు, కాలిఫోర్నియాలోని కహోను కనుమ దిగునప్పుడు బ్రేకులు పట్టు తప్పెను. క్రింద రైలుపట్టా మీద రైలు పోవుచున్నది. వెంట్రుకవాసిలో తప్పించుకొనెను. ఇంజనునే బ్రేకుగా వాడు మార్గమును ఆయన ఆ దినము మొదలుకొని మనసులో ఉంచుకొని, ముదిమిలో సాధించెను. 1961లో జేకబ్సు కంపెనీవారు దానిని తయారుచేసి అమ్మసాగిరి.

ఎగ్జాస్టు బ్రేకు అంతకంటె సులువైన పరికరము. పొగగొట్టమునకు అడ్డముగా ఒక మూత. మూసినచో పొగ వెలుపలికి పోలేక ఇంజను లోపలి ముషలములకు ఎదురొత్తిడి కలిగించును. అయితే ఇంజను వేగముగా తిరుగుచున్నప్పుడే దీనికి బలము. చక్రములు ఇంజనును గట్టిగా త్రిప్పినగాని ఆ వేగము రాదు. నడుమ చమురు జారిపోవుచుండగా ఇంజను నెమ్మదించును. బ్రేకు పేరునకు మిగులును. మన వృద్ధుని బండిలో లోపము ఎగ్జాస్టు బ్రేకుది కాదు, విడిపోయిన పలకది. ఆ పలకను మనిషి తన చేతితో బిగించుకొను మీటయే దీనికి మందు.

పనిలో తీగ ఒక్కటే. జాగ్రత్తలు మాత్రము పది. ఆ కాలపు అనేక బండ్లలో పలకను బిగించు చమురును వదలునది సోలినాయిడు అను చిన్న విద్యుదయస్కాంతము. దానికి రెండు కొనలు. ఒక కొనకు తాళము త్రిప్పగానే 12 వోల్టుల విద్యుత్తు వచ్చి నిలుచును. రెండవ కొన కంప్యూటరుకు పోవును. కంప్యూటరు దానిని బండి ఇనుప మేనికి, అనగా ఎర్తుకు, కలిపినప్పుడు వలయము పూర్తియై పలక బిగియును. ఆ రెండవ తీగకు మనము ఒక కొమ్మ కట్టి, మీట ద్వారా ఎర్తుకు కలిపినచో కంప్యూటరు చేయు పనినే మనమును చేయగలము. ఏ తీగ యేదో రంగును చూచి నిర్ణయింపరాదు. ఆ బండి తీగల పటమును దగ్గర పెట్టుకొని, మీటరుతో కొలిచి చూడవలెను. నిత్యము విద్యుత్తు ఉండు తీగను పొరపాటున ఎర్తుకు కలిపినచో ఫ్యూజు కాలిపోవును.

ఇచట అందరును గమనింపని సూక్ష్మము ఒకటి ఉన్నది. సాధారణముగా తీగ మీది తొడుగు అరిగి ఇనుమును తాకినచో ఫ్యూజు పోయి సంగతి తెలియును. ఈ కొమ్మతీగ అట్లు కాదు. ఇది ఇనుమును తాకుట, మీట వేయుట రెండును ఒకటే. తొడుగు అరిగిననాడు పలక తనంతట బిగిసి, నాలుగు రోడ్ల కూడలిలో బండి ఆగుచుండగా ఇంజను టక్కున ఆగును. అందుచేత నేను ఆ తీగను ఇంజను గది నుండి లోపలికి తెచ్చుచోట రంధ్రమునకు రబ్బరు కట్టు వేసి, పొడవునను గట్టి గొట్టము తొడిగితిని. అతుకును మెలివేసి వదలక, సీసముతో మాటువేసి కప్పితిని. మీట ప్రక్కన ఎర్రదీపమొకటి పెట్టితిని. దీపము వెలిగినంతసేపు పలక తన అధీనమున ఉన్నదని ముసలాయనకు తెలియును.

కంప్యూటరు ఊరకొనదు. తాను ఎర్తుకు కలుపని తీగలో విద్యుత్తు మాయమైనచో లోపము పుట్టినదని ఎంచి, డ్రైవరు ఎదుట హెచ్చరిక దీపము వెలిగించును. కొందరు ఆ దీపమును లెక్కచేయరు. అది నాకు సమ్మతము కాదు. నిజమైన లోపము వచ్చిననాడు దానిని నమ్మువాడు ఉండడు. మీట వేసినప్పుడు కంప్యూటరు తీగను సోలినాయిడు నుండి విడదీసి, దానికి మారుగా అంతే నిరోధము గల చుట్టను చూపునట్లు ఒక రిలే అమర్చుట మేలు. పని కొంచెము పెరుగును.

ఇక వాడుక. బండి నిదానముగా పోవునప్పుడు మీట వేయరాదు. వేగము తగినంత ఉండి, గేరు మారుట ముగిసిన పిదపనే వేయవలెను. యాక్సిలరేటరును నిండుగా త్రొక్కియుండగా వేసినచో ఆ దెబ్బ ఘర్షణ పలకకును, గేరుపెట్టె ఇరుసునకును తగులును. పల్లము ముగిసి వేగము తగ్గుచుండగా, బండి ఆగకమునుపే తీసివేయవలెను. లేనిచో ఇంజను ఆగును; ఇంజనుతోపాటు స్టీరింగునకును బ్రేకునకును అది ఇచ్చు సాయమును ఆగును. కంప్యూటరు మనకు బదులు జ్ఞాపకముంచుకొనిన పనిని మనము దాని చేతినుండి తీసికొంటిమి గనుక ఆ జ్ఞాపకము ఇక మనదే. ముసలాయనకు దీనిని బోధించుటకు తీగ వేయుటకంటె ఎక్కువ కాలము పట్టినది. ట్రెయిలరు లేకుండ చదునుదారి మీద వారము దినములు అభ్యాసము చేయనిదే కొండకు పోవద్దని షరతు పెట్టితిని. ఆయన భార్య ప్రక్కన కూర్చుండి, ఊరు దగ్గరపడగానే ఎర్రదీపము వంక చూపునది. మొదటిమారు సొరంగము దాటి దిగినప్పుడు, క్రిందికి చేరి చక్రముల చెంత చేయి పెట్టి చూచితిననియు, వేడి ఉన్నది గాని వాసన లేదనియు ఆయన నాకు ఫోను చేసి చెప్పెను.

తరువాతి బండ్లకు ఈ మీట అక్కరలేకపోయినది. 2001లో షెవ్రొలే పెద్ద పికప్పులకు వచ్చిన ఆలిసను గేరుపెట్టె, బరువు లాగు మీట నొక్కినచో పల్లములో తానే గేరు తగ్గించి ఇంజను పట్టు నిలుపును. 2007లో డాడ్జి బండికి వచ్చిన 6.7 లీటర్ల కమ్మిన్సు ఇంజనుకు ఎగ్జాస్టు బ్రేకు కర్మాగారములోనే అమర్చి ఇచ్చిరి. ఇట్టి క్రొత్త గేరుపెట్టెలలో సోలినాయిడుకు విద్యుత్తు ఏకధారగా గాక తునకలు తునకలుగా పోవుచు, పలక ఎంత గట్టిగా బిగియవలెనో అది నిర్ణయించును. వాటి తీగను ఎర్తుకు కలుపు ప్రయత్నము ఎవరును చేయరాదు. పైని చెప్పిన పద్ధతి పాత బండ్లకు మాత్రమే చెల్లును.