గానుగ నూనెకు పులుపు కొలిపించినాం



పోయినేడు మన శనక్కాయ నూనె రెండు డబ్బాలు అంగడాయన వాపసు పంపినాడు. గొంతు గరగర అంటోందన్నాడు. ఆ నూనె ఒక సీసా, అంతకుముందుది ఒక సీసా పట్టుకుని ఇద్దరం ల్యాబుకు పోయినాం.

గాజు కుప్పెలో 10 గ్రాముల నూనె తూచి, ముందే పులుపు విరిచిన స్పిరిట్ పోసి కాచినారు. ఫినాఫ్తలీన్ రెండు చుక్కలేసినారు. గీతలున్న గాజు గొట్టంలోనుంచి పొటాషియం హైడ్రాక్సైడ్ అనే క్షారం చుక్కచుక్కగా వదుల్తా కుప్పెను తిప్పినారు. లేత గులాబీ రంగొచ్చి అర నిమిషం నిలిస్తే ఆపేస్తారు. గ్రాము నూనెలో పులుపు విరగడానికి ఎన్ని మిల్లీగ్రాముల క్షారం పట్టిందో అదే ఆమ్ల విలువ. శనగ నూనెకు అది 6 దాటకూడదని 2011 ఆహార నిబంధనల్లో ఉంది. పాత సీసాకు 4 మిల్లీలీటర్లకే రంగొచ్చింది, లెక్కగడితే 2.2. వాపసొచ్చినదానికి 13 పట్టింది, 7.3! నా మొగం చిన్నబోయింది.

తప్పు గానుగది కాదు. వానకు తడిసిన కాయ అగ్గువని కొనమన్నది నేనే. తడి తగిలిన గింజలో కొవ్వు విరిగి ఆమ్లమైపోతుంది. ఆ నష్టం పొదుపులోంచి తీయొద్దని నేనే కట్టినా.

ఇంకో మాట. బూజు విషం ఈ పరీక్షలో దొరకదు, దానికి వేరే పరీక్ష ఉంది. అందుకే బూజు గింజ ఏరేది మానొద్దు. కాయ కొనేటప్పుడు చెవి దగ్గర ఆడించండి, గలగలమంటేనే మూట కట్టించండి.