కడలిపై కాపురము

కొలువు చాలించినవారికి అరుగే గతియని మన తలపు. భారతసైన్యమున బ్రిగేడియరుగా నుండి విరమించిన మైల్స్ స్మీటన్ అను ఆంగ్లేయుడును, ఆయన భార్య బెరిల్‌యును అట్లు తలంపలేదు. నావికవిద్య యెరుగకయే 46 అడుగుల తెరచాపల యోడ 'త్జు హాంగ్'ను కొని, పిమ్మట దానినే గృహముగా జేసికొనిరి.

1957 ఫిబ్రవరిలో, దక్షిణామెరికా కొననున్న హార్న్ అగ్రమునకు పోవుచుండగా, చుక్కాని బెరిల్ చేత నుండెను. మనమైనచో ఇల్లాలి కిత్తుమా? కొండవంటి కెరట మోడను తలక్రిందు చేసెను. ఆమె కడలిపాలై, భుజము దెబ్బతిన్నను ఈదివచ్చి, బాల్చీతో లోని నీరు తోడసాగెను. స్తంభములు రెండును విరిగినవి. తోడివాడు జాన్ గజ్‌వెల్ వడ్రంగ మెరిగినవాడు. కప్పు చిల్లులు మూసి, మారుకొయ్య నిలిపెను. అట్లే చిలీతీరము చేరిరి.

ఆ యేటి డిసెంబరున దంపతు లిరువురే మరల బయలుదేరిరి. ఓడ మరల బొర్లెను. మరల చిలీకే మరలిరి. 1968లో, ఇరువురును అరువది దాటినవారై, ఎదురుగాలిలో తూర్పునుండి పడమరకు ఆ యగ్రమును దాటిరి.