ఉత్తరం ఎవరు రాశారు? ఎవరు చదివిపెట్టారు?

(నర్సీపట్నంలో టీచర్లు, విద్యార్థులు కూడుకున్న పుస్తక సభలో మాట్లాడిన మాటలకు రాతరూపం)



నాకిచ్చిన విషయం విని పొద్దున బస్సులో మా తోటి మాస్టారు నవ్వేడు. యుద్ధకాలం మీద వచ్చిన చారిత్రక నవలలు, అందులోనూ ఉత్తరాల రూపంలో ఉన్నవి, ఎలా చదవాలి అన్నది విషయం. "హాస్టల్లో పప్పు నీళ్ళలా ఉంటంది, స్కాలర్‌షిప్పు ఏడాదికోసారి కూడా రాదు, నువ్వు ఎల్లి ఇంగ్లీషోళ్ళ ఉత్తరాల గురించి చెప్తావేటి?" అన్నాడు. అడగాల్సిన మాటే అడిగేడు. జవాబు చెప్పకుండా ముందుకి పోను.

మన ఇళ్ళల్లో ఉత్తరం అంటే ఏమిటి? మన అయ్యలకి, అమ్మలకి ఉత్తరం వస్తే అది వేరేవాడు రాసినది. దాన్ని చదివేవాడు కూడా వేరేవాడే. మన మాట మన నోట్లోంచి బయలుదేరి, రెండు మూడు చేతులు మారి, మన వాళ్ళ చెవికి చేరేది. చేరిందో లేదో కూడా తెలిసేది కాదు. అందుకే ఉత్తరాలతో అల్లిన నవల మనం చదివితే ఒకలా ఉంటుంది, మూడు తరాలుగా ఇంట్లో బల్లా కలం ఉన్నవాడు చదివితే ఇంకోలా ఉంటుంది.

ఇప్పుడు ఒక నవల కథ చెబుతాను. 2008లో ఇంగ్లీషులో వచ్చింది. రాసింది మేరీ ఆన్ షాఫర్ అనే అమెరికా ఆవిడ. ఆమెకి ఆరోగ్యం పాడైతే ఆమె మేనకోడలు యానీ బారోస్ పూర్తి చేసింది. అచ్చయ్యేసరికి పెద్దావిడ లేదు. పుస్తకం పేరు బారెడు ఉంటుంది. తెలుగులో చెప్పాలంటే 'గెర్న్సీ సాహిత్య, బంగాళాదుంప తొక్కల పిండివంట సంఘం'. గెర్న్సీ అన్నది ఇంగ్లండుకీ ఫ్రాన్సుకీ మధ్య సముద్రంలో చిన్న లంక. 1940 నుంచి 1945 దాకా జర్మన్లు దాన్ని పట్టుకుని కూర్చున్నారు. కథ నడిచేది 1946లో. యుద్ధం అయిపోయేక లండన్‌లో ఉన్న ఒక రచయిత్రికి ఆ లంక మనుషులు ఒకరి తర్వాత ఒకరు ఉత్తరాలు రాస్తారు. ఆ ఉత్తరాలే నవల.

లంక నుంచి మొదటి ఉత్తరం రాసేదెవరో తెలుసా? పందులు పెంచుకునేవాడు. పాత పుస్తకం ఒకటి దొరికితే, దానిలో ఆమె పేరు, చిరునామా కనబడి రాస్తాడు. మన పాఠ్యపుస్తకాల్లో పందులు కాసేవాడు ఎప్పుడైనా పుస్తకం పట్టుకున్నాడా? ఎర్రగీత పెట్టి పక్కన పడేస్తారు. ఆ ఒక్కదానికే నేను ఆ నవలని కళ్ళకద్దుకున్నాను.

ఆ తొక్కల పిండివంట సంగతీ వినండి. వెన్న లేదు, పంచదార లేదు, గోధుమపిండి లేదు. ఉన్నవి దుంపలూ వాటి తొక్కలూ. దానితోనే వండుకున్నారు. ఇంగ్లీషు పాఠకులకి అది వింత. మన వాళ్ళకి? మామిడి టెంకలో జీడి ఎండబెట్టి, దంచి, అంబలి కాసుకుని తాగిన వాళ్ళు ఈ సభలో కూడా ఉన్నారు. వాళ్ళకి ఐదేళ్ళు వచ్చిన కరువు మనకి ఏటేటా వేసవిలో వచ్చేది. దాని మీద ఉత్తరం ఎవరూ రాయలేదు.

ఇంతవరకూ మెచ్చుకున్నాను. ఇక పేచీ. ఆ నవలకి గుండెకాయ ఎలిజబెత్ అనే మనిషి. జర్మను గస్తీకి దొరికిపోయినప్పుడు, మేం పుస్తకాల సంఘం నుంచి వస్తున్నామని అప్పటికప్పుడు అబద్ధం ఆడి అందర్నీ కాపాడింది ఆమే. ఆ అబద్ధమే తర్వాత నిజం సంఘం అయింది. ఆమె ఒక పోలండ్ కుర్రాడిని దాచి, అన్నం పెట్టి, ఆ నేరానికి పట్టుబడి రావెన్స్‌బ్రూక్ అనే ఆడవాళ్ళ చెరకి పోయి చచ్చిపోయింది. పుస్తకం నిండా అందరూ ఆమె గురించే రాస్తారు. ఆమె రాసిన ఉత్తరం మాత్రం ఉండదు. ఆ కుర్రాడెవరు? జర్మన్లు 'టోట్' సంస్థ కింద యూరప్ దేశాల నుంచి మనుషుల్ని తోలుకొచ్చి లంకలో గోడలు, సొరంగాలు కట్టించేరు. తిండి లేదు, బట్ట లేదు. వెట్టి! ఆ వెట్టివాళ్ళలో ఒకడు. లంక మనుషులకి వాడు జాలిపడాల్సినవాడు. వాడి పక్షాన ఒక్క కాగితం లేదు.

నేను పిల్లలకి చెప్పేది ఇదే. ఉత్తరాల నవల చేతిలోకి తీసుకున్నప్పుడు రాసినవాళ్ళ పేర్లన్నీ ఒక పక్క వేసుకోండి. కథలో ఉండి ఉత్తరం రాయని వాళ్ళ పేర్లు ఇంకో పక్క వేసుకోండి. ఆ రెండో పట్టీలో మన వాళ్ళు కనబడతారు.

నవల సంగతి సరే, నిజం యుద్ధంలో ఏం జరిగింది? మొదటి ప్రపంచ యుద్ధానికి మన దేశం నుంచి సిపాయిలు, కూలీలు కలిపి 13 లక్షల మందికి పైగా వెళ్ళారు. 70 వేలకి పైగా చచ్చిపోయారు. ఫ్రాన్సులో పోరాడిన సిపాయిల్లో ఎక్కువమందికి చదువు లేదు. చెప్పి రాయించుకునేవారు. రాసినదాన్ని సెన్సారు కచేరీ విప్పి చదివేది. ఇంగ్లీషులోకి తిప్పి ముక్కలు ముక్కలుగా రిపోర్టుల్లో పెట్టేది. సిపాయి గుండె కోత ఇవాళ లండన్ లైబ్రరీలో భద్రంగా ఉందంటే ప్రేమ వల్ల కాదు, అనుమానం వల్ల. మన వాళ్ళూ తక్కువ తినలేదు. నల్ల మిరియాలు అయిపోయాయి, ఇప్పుడు ఎర్రవి వాడుతున్నారు అన్నట్టు రాయించేవారు. నల్లవంటే మన సిపాయిలు, ఎర్రవంటే తెల్ల సోల్జర్లు. చదువు రానివాడు సెన్సారు బుర్ర తినేసేడు!

మిరియాల మాట వచ్చింది కాబట్టి మన మిరపకాయల మాట కూడా. ఈ నర్సీపట్నం నుంచే కదా తెల్లోళ్ళు 1922–24 మన్యం పోరాటాన్ని అణచడానికి బలగాలు నడిపించింది. 1922 ఆగస్టు 22న చింతపల్లి, మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి స్టేషన్ల మీద దాడి. సీతారామరాజు మిరపకాయ టపా గురించి ఈ చుట్టుపక్కల పుట్టిన ప్రతి గుంటడికీ తెలుసు. ఆ ఏడే సెప్టెంబరు 24న దామనపల్లి దగ్గర చచ్చిపోయిన స్కాట్ కవార్డ్, హైటర్ దొరల సమాధులు మన ఊళ్ళోనే ఉన్నాయి. రాళ్ళ మీద పేర్లున్నాయి. మరి రోడ్డు పనికి వెట్టిగా పోయినవాళ్ళ పేర్లు? దొరల సామాన్లు మోసినవాళ్ళ పేర్లు? గాం గంటందొర, మల్లుదొర పేర్లు మిగిలాయి. మల్లుదొర బతికి 1952లో లోక్‌సభకి కూడా గెలిచాడు. ఆ వెనకాల నడిచినవాళ్ళు ఏం అనుకున్నారో చెప్పే కాగితం కావాలంటే కలెక్టరు తంతిలో, పోలీసు రిపోర్టులో వెతుక్కోవాలి. అంటే మన మన్యం యుద్ధం కూడా ఉత్తరాల్లో ఉంది. కాకపోతే ఒక పక్షం ఉత్తరాలే.

ఇంకో చిన్న పుస్తకం గురించి రెండు ముక్కలు. కాథరిన్ క్రెస్‌మన్ టేలర్ 1938లో రాసింది. పేరుకి అర్థం 'చిరునామాదారు తెలియదు'. అమెరికాలో ఉన్న ఒక యూదుడు, జర్మనీ తిరిగివెళ్ళిన అతని స్నేహితుడు. ఆ స్నేహితుడు హిట్లర్ మనిషైపోయి, కాపాడమని గుమ్మంలోకి వచ్చిన ఈ యూదుడి చెల్లెల్ని వదిలేస్తాడు. అప్పుడు ఈయన తుపాకీ పట్టలేదు. ఉత్తరాలే రాశాడు, సెన్సారు చదువుతాడని తెలిసి మరీ రాశాడు. ఆఖరి ఉత్తరం తిరిగొస్తుంది. ఒక గంటలో అయిపోయే పుస్తకం. పక్కింట్లో కలిసి తిన్నవాడు మూక వచ్చిన రోజున తలుపెలా వేసేసుకుంటాడో చూడాలంటే చదవండి. కారంచేడు, చుండూరు చూసిన మనకి కొత్త సంగతి కాకపోవచ్చు.

ఇప్పుడు మా ఇంటి సంగతి. చెప్పకూడదనుకున్నాను గానీ, ఇది లేకుండా ఈ విషయం నాకు లేదు.

మా మామ్మ వాళ్ళ అయ్య రంగం వెళ్ళాడు. రంగూన్ని మన వాళ్ళు రంగం అనేవారు. విశాఖపట్నం, కాకినాడ రేవుల్లో స్టీమరెక్కి వేలకి వేలు మన వాళ్ళు వెళ్ళారు. రేవులో బస్తాలు మోయడానికి, బియ్యం మిల్లుల్లో పనికి. జట్టు మేస్త్రీ చేతిలో జీతం, మేస్త్రీ చేతిలోనే అప్పు. అక్కడా గొడవలే, 1930లో రేవు కూలీలైన తెలుగోళ్ళని బర్మావాళ్ళు వెంటపడి చంపేరు. అయినా వెళ్ళేవారు. ఊళ్ళో కంటే అదే నయం అనిపించేది. అక్కడ మాలా మాదిగా అని నీళ్ళు ఎత్తి పోసేవాడు లేడు కదా.

1941 ఆఖర్లో ఆయన దగ్గర్నించి ఒక కార్డు వచ్చింది. టపా మనిషి మా పేటలోకి రాడు. ఊళ్ళో ఒక పెద్ద అరుగు మీద పడేసి పోయేవాడు. మా ముత్తవ్వ, ఎనిమిదేళ్ళ మా మామ్మ వీధిలో చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఆ పెద్దమనిషి కార్డు అటూ ఇటూ తిప్పి, "బాగానే ఉన్నాడంటే. పోండి" అన్నాడట. కార్డు కింద పడేస్తే ఏరుకుని వచ్చారు.

డిసెంబరు 23న రంగూన్ మీద బాంబులు పడ్డాయి. తర్వాత టపా లేదు. లక్షల మంది అడవులు, కొండలు దాటి నడిచి వచ్చారు. ఆ నడకలో కూడా తెల్లవాళ్ళకి మంచి దారి, నల్లవాళ్ళకి చెడ్డ దారి పెట్టారు. చచ్చిపోయే దారిలో కూడా వర్ణం! 1942 ఏప్రిల్ 6న మన విశాఖపట్నం మీదే జపాన్ బాంబు పడింది. మా ముత్తాత రాలేదు. ఏ దారిలో పోయాడో, అసలు బయల్దేరాడో లేదో తెలీదు.

కార్డుని మామ్మ మడతపెట్టి వక్కాకు సంచిలో దాచింది. నేను నాలుగో తరగతిలో ఉండగా తీసి, "ఓరి, నీకు సదువొచ్చింది కదా, సదువు" అంది. కూడబలుక్కుని చదివేను. 'ఉభయ కుశలోపరి' అని మొదలు. రాసినవాడి భాష అది, మా ముత్తాత జన్మలో అనని మాట. ఆ కింద రెండు వరుసల తర్వాత, పోయిన నెల పదిహేను రూపాయలు మనియార్డరు చేసేను, అందిందో లేదో వెంటనే రాయించండి, పిల్లకి కోక కొనండి అని ఉంది.

మామ్మ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, అంతకుముందు నెలలో అదే అరుగు దగ్గర వాళ్ళమ్మ చేత ఏదో కాగితం మీద వేలిముద్ర వేయించుకున్నారని, ఎందుకో చెప్పలేదని గుర్తు చేసుకుంది. ఎనభయ్యో పడిలో కాదు, అప్పుడామెకి యాభై దాటి ఎంతో కాలేదు. దగ్గర దగ్గర నలభై ఏడేళ్ళు ఆ కార్డు ఆమె నడుం దగ్గరే ఉంది. కోక మాట కూడా అందులోనే ఉంది.

నేను టీచరునెందుకయ్యానని ఎవరైనా అడిగితే బి.ఇడి. సీటు వచ్చింది కాబట్టి అంటాను. అది సగం జవాబు.

అందుకే ఆలిస్ వాకర్ 1982లో రాసిన 'ది కలర్ పర్పుల్' చదివినప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది. అమెరికా నల్లజాతి ఆడమనిషి సీలీ. చెప్పుకోడానికి మనిషి లేక దేవుడికి ఉత్తరాలు రాస్తుంది. ఆఫ్రికా వెళ్ళిన చెల్లెలు ఏళ్ళ తరబడి రాసిన ఉత్తరాల్ని మొగుడు పెట్టెలో దాచేస్తాడు. చెల్లెలు చచ్చిపోయిందనుకుంటూ ఈమె బతుకుతుంది. చివర్లో రెండో యుద్ధం కూడా వస్తుంది. చెల్లెలు ఎక్కిన ఓడ జర్మను మందుపాతర తగిలి మునిగిపోయిందని తంతి వస్తుంది, ఈమె రాసిన ఉత్తరాలు విప్పకుండానే తిరిగొస్తాయి. దీన్ని యుద్ధ నవలల పట్టీలో ఎవరూ వెయ్యరు. నేను వేస్తాను. దాచిన ఉత్తరం కంటే పెద్ద యుద్ధం ఏముంటుంది?

అందులో భాష చూడండి. సీలీ తను మాట్లాడినట్టే రాస్తుంది. వ్యాకరణం ఆమె ఇంటి వ్యాకరణం. మనం బడిలో ఏం చేస్తాం? 'ఎల్తాను' అని పిల్ల రాస్తే ఎర్ర ఇంకుతో కొట్టేస్తాం. నేనూ కొట్టేను. ఇరవై ఏళ్ళు కొట్టేను. ఉత్తరం రాయడం పాఠంలో 'మహారాజశ్రీ', 'ఉభయ కుశలోపరి' బట్టీ పట్టించేను. ఆ కార్డు రాసినవాడి పనే నేనూ చేశాను కదా.

బాబాసాహెబ్ జీవితంలో కూడా ఒక అందని ఉత్తరం ఉంది. 'వీసా కోసం నిరీక్షణ' చదివినవాళ్ళకి తెలుసు. 1901లో, పల్టన్లో సుబేదారుగా చేసిన తండ్రి దగ్గరికి పిల్లలు రైల్లో వెళ్తారు. వస్తున్నామని ముందే ఉత్తరం రాశారు. నౌకరు దాన్ని తండ్రికి అందించలేదు. మసూరు స్టేషన్లో ఎవరూ రాలేదు. మహర్లని తెలిసి బండివాళ్ళు ఎక్కించుకోలేదు. రెట్టింపు కిరాయి ఇచ్చి, బండి తామే తోలుకుని, దారంతా నీళ్ళు దొరక్క రాత్రంతా ఉన్నారు. ఒక కాగితం అందితే ఆ రాత్రి ఉండేది కాదు. 1941లో, మా ముత్తాత కార్డు వచ్చిన ఏడే, మన జాషువా 'గబ్బిలం' వచ్చింది. గుళ్ళోకి పోలేనివాడు శివుడికి గబ్బిలంతో కబురంపుతాడు. టపా మనిషి పేటలోకి రాకపోతే గబ్బిలమే గతి మరి.

మా మాస్టారికి నా జవాబు ఇంతే. హాస్టల్ పప్పు గురించి కలెక్టరుకి అర్జీ పెట్టాలన్నా పిల్లకి ఉత్తరం రాయడం రావాలి, ఆమె మాటల్లో రావాలి. ఈ పుస్తకాలు చదివితే ఆ చెయ్యి తిరుగుతుంది. ఒక్కటే షరతు, మెచ్చుకుంటూ నిద్రపోవద్దు.

వచ్చే సభకి ఒక పని. మీ పేటల్లో ముసలివాళ్ళ ట్రంకు పెట్టెలు వెతకండి. మిలిటరీ కాగితాలు, రంగం కార్డులు, మనియార్డరు చీటీలు, గల్ఫు నుంచి వచ్చినవైనా సరే. చదివిపెట్టండి. పూర్తిగా చదవండి, డబ్బు సంగతి ఉంటే ముందు అదే చదవండి.

మామ్మ కార్డు తెచ్చాను. చూడాలనుకున్నవాళ్ళు ముందుకి రండి. టీ తాగిన చేతులు తుడుచుకుని పట్టుకోండి, మడత దగ్గర చిరుగుతోంది.