నేర్చుకోవడం వరకే కదా!

సకల స్తోత్రాలు సర్వలోక ప్రభువైన అల్లాహ్‌కే శోభిస్తాయి. అంతిమ ప్రవక్త ముహమ్మద్ (సఅసం)పై శాంతి, శుభాలు కురియుగాక!



గత జుమా నమాజు ముగిశాక ఒక యువకుడు మా వద్దకు వచ్చి, "హజ్రత్! ఫోనులో పోకర్ నేర్చుకుంటున్నాను. డబ్బు పెట్టడం లేదు, ఉత్తుత్తి బిళ్లలతోనే ఆడుతున్నాను. ఇందులో తప్పుందా?" అని అడిగాడు. దాచకుండా అడిగినందుకు అతన్ని అభినందించాము. అతనికి చెప్పినదే నేడు మీ ముందుంచుతున్నాము.

ఆ ఆట తొలి పాఠాన్ని గమనించండి. సాధారణంగా ఒక్కొక్కరికి రెండు ముక్కలు పంచి, అందరికీ ఉమ్మడిగా ఐదు ముక్కలు పరుస్తారు. అయితే ముక్క చూడకముందే ఇద్దరు పందెం కట్టి తీరాలి. రెండవ పాఠం, చేతిలో ఏమీ లేకున్నా ఉన్నట్లు నటించి ఎదుటివాణ్ణి బెదరగొట్టడం. పందెం తీసివేస్తే ఆ ఆటే లేదు. కనుక ఉత్తుత్తి బిళ్లలతో అలవడేది పందెం కాసే బుద్ధే.

"ఇది అదృష్టం కాదు, నైపుణ్యం" అని కొందరంటారు. 1967లో ఆంధ్రప్రదేశ్‌కు చెందిన ఒక కేసులో సుప్రీంకోర్టు రమ్మీని ప్రధానంగా నైపుణ్యపు ఆటగా పరిగణించిన మాట నిజమే. షరీఅత్ అడిగే ప్రశ్న వేరు: ఒకరి నష్టమే మరొకరికి లాభమయ్యే పందెం అందులో ఉందా, లేదా? అజ్ఞాన కాలపు అరబ్బులు బాణాలతో జూదమాడి, గెలిచిన ఒంటె మాంసాన్ని పేదలకు పంచేవారని వ్యాఖ్యాతలు తెలిపారు. పేదల కడుపు నింపిన ఆ జూదాన్ని సైతం అల్లాహ్ నిషేధించాడు. అది మన మధ్య వైరం రేపి, దైవస్మరణ నుండి, నమాజు నుండి మళ్లించే షైతాను పన్నాగమని అల్ మాయిదా సూరా 90, 91 ఆయతులు హెచ్చరిస్తున్నాయి.

జూదమాడుదాం రమ్మని తోటివాణ్ణి పిలిచినవాడు దానం చేయాలని దైవప్రవక్త (సఅసం) ఆదేశించినట్లు బుఖారీ హదీసులో ఉంది. పిలుపుకే ఇంత పరిహారమైతే ఆట మాటేమిటి? ఇది విన్న ఆ యువకుడు, ఇద్దరు మిత్రులను తానే పిలిచానని తల దించుకున్నాడు. "దానం చెయ్యి బాబూ, వారినీ వెనక్కి తీసుకురా" అన్నాము.

సోదరులారా! ఇప్పటికే సొమ్ము పోగొట్టుకున్నవారు దాన్ని రాబట్టాలని మళ్లీ అప్పు చేయకండి. ఇంట్లో నిజం చెప్పండి, తౌబా చేయండి. తల్లిదండ్రులారా! నిజం చెప్పిన బిడ్డను గుమ్మం బయట నిలబెట్టకండి.

అల్లాహ్ మనకు హలాల్ సంపాదనలో బర్కత్ ప్రసాదించుగాక! ఆమీన్.