గడప దాటించే గ్రాంటు
(మహాసభల్లో జరిగిన ఆరోగ్య, సామాజిక సేవా సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



వికలాంగులైన మాజీ సైనికుల ఇళ్ళకు అమెరికా ప్రభుత్వం ఇచ్చే గ్రాంట్ల గురించి తెలుగువాళ్ళ సభలో మాట్లాడడమేమిటని మీలో కొందరికి అనిపించి ఉంటుంది. సైన్యం మనకు కొత్త కాదు. తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం నుంచి రెండు ప్రపంచ యుద్ధాలకూ మనుషులు వెళ్ళారు. ఇప్పటికీ దాన్ని మిలిటరీ మాధవరం అనే పిలుస్తారు. ఇక్కడ పుట్టి పెరిగిన మన పిల్లల్లోనూ సైన్యంలో చేరినవాళ్ళున్నారు. 2009లో మొదలై 2016లో ఆగిపోయిన మావ్నీ పథకం వల్ల గ్రీన్ కార్డు లేని కొందరికి కూడా, స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్ళతో సహా, అమెరికా సైన్యంలో చేరే అవకాశం దొరికింది. వాళ్ళలో ఎవరైనా గాయపడి ఇంటికొస్తే ఆ ఇల్లు వాళ్ళను లోపలికి రానిస్తుందా అన్నదే ఈ రోజు నా ప్రశ్న.

గడపకు పసుపు రాసి బొట్టు పెట్టే జాతి మనది. చక్రాల కుర్చీకి మాత్రం రెండంగుళాల గడప కూడా అడ్డే. మనవాళ్ళు ఇక్కడ కొనుక్కునే ఇళ్ళు చాలావరకు రెండంతస్తులవి. పడకగదులు పైన, కింద ఒక చిన్న హాఫ్ బాత్, వీధి గుమ్మానికి మూడు మెట్లు. పాత ఇళ్ళలో బాత్‌రూమ్ తలుపులు ఇరవై నాలుగు, ఇరవై ఎనిమిది అంగుళాలే ఉంటాయి. కుర్చీ సులువుగా వెళ్ళాలంటే కనీసం ముప్ఫై రెండు అంగుళాల ఖాళీ కావాలి. ఆ కొద్ది అంగుళాలు చాలకపోతే, పాతికేళ్ళ కొడుకు స్నానానికి తండ్రి చేతుల మీద వెళ్ళాలి. కొన్నాళ్ళకు తండ్రికి నడుం నొప్పి వస్తుంది. కొడుకు మంచినీళ్ళు తాగడం తగ్గించేస్తాడు. ఇది డబ్బు సంగతి కన్నా మర్యాద సంగతి.

ఈ సంగతి ఇక్కడి ప్రభుత్వానికి రెండో ప్రపంచ యుద్ధం తరువాతే అర్థమైంది. 1948లో కాంగ్రెస్ చేసిన చట్టం ప్రకారం, కాళ్ళు చచ్చుబడిన మాజీ సైనికులకు తగిన ఇల్లు కట్టుకోవడానికి ఖర్చులో సగం, 10,000 డాలర్లకు మించకుండా, ఇవ్వడం మొదలుపెట్టారు. ఇలినాయ్ రాష్ట్రంలో రాక్‌ఫర్డ్ అనే ఊరుంది. ఆ ఊరి కెనెత్ లారెంట్ నౌకాదళంలో పనిచేసిన మనిషి, చక్రాల కుర్చీలో తిరిగేవారు. ఆ దంపతులు ఏకంగా ఫ్రాంక్ లాయిడ్ రైట్‌కు ఉత్తరం రాశారు. ప్రభుత్వ గ్రాంటు తోడు చేసుకుని కట్టిన ఆ ఇంటికి వాళ్ళు 1952లో గృహప్రవేశం చేశారు. మెట్లు లేవు, అంతా ఒకే నేల. తలుపులు వెడల్పు. కూర్చున్న మనిషి చూపుకీ చేతికీ అందేలా అన్నీ అమర్చారు. లారెంట్ అందులో దాదాపు అరవై ఏళ్ళు ఉన్నారు. 2014 నుంచి అది మ్యూజియం. చికాగో వైపు వెళ్ళినప్పుడు పిల్లలకు చూపించండి. ఆ ఇంట్లో తిరుగుతుంటే అది వికలాంగుడి కోసం కట్టిన ఇల్లని ఎవరో చెబితే తప్ప తోచదు.

ఇక గ్రాంట్ల సంగతి. ఇవన్నీ వెటరన్స్ అఫైర్స్ శాఖ, అంటే వి.ఏ., ఇచ్చేవి. అప్పులు కావు, తిరిగి కట్టనక్కరలేదు. ముఖ్యంగా నాలుగు గుర్తుపెట్టుకోండి.

మొదటిది స్పెషల్లీ అడాప్టెడ్ హౌసింగ్ గ్రాంటు. సైనిక సేవ వల్ల రెండు కాళ్ళూ పోయినవాళ్ళు, లేదా అవి పనిచేయనివాళ్ళు, రెండు కళ్ళ చూపూ బాగా దెబ్బతిన్నవాళ్ళు, ఇలాంటి తీవ్రమైన వైకల్యాలున్నవాళ్ళకు ఇది వర్తిస్తుంది. ఏ.ఎల్.ఎస్. జబ్బు సైనిక సేవకు సంబంధించినదిగా గుర్తింపు పొందినవాళ్ళు కూడా 2013 చివరి నుంచి దీనికి అర్హులే. సొంత ఇల్లు కట్టుకోవచ్చు, ఉన్న ఇంటిని మార్చుకోవచ్చు. 2024 ఆర్థిక సంవత్సరంలో దీని గరిష్ఠ పరిమితి 1,17,014 డాలర్లు. నిర్మాణ ఖర్చులను బట్టి ఏటా అక్టోబరులో ఈ మొత్తాన్ని సవరిస్తారు కాబట్టి, దరఖాస్తు వేసేనాటి అంకె చూసుకోవాలి. 2020లో వచ్చిన చట్టానికి ముందు ఈ గ్రాంటును మూడుసార్లకు మించి వాడుకోవడానికి వీల్లేదు, ఆ చట్టం దాన్ని ఆరుసార్లు చేసింది. ఒకేసారి మొత్తం తీసుకోనక్కరలేదు. ఈ ఊళ్ళో కొంత, ఉద్యోగం మారి ఇంకో ఊరు వెళితే అక్కడ కొంత వాడుకోవచ్చు. ఆ చట్టానికి పెట్టిన పేర్లలో ఒకటి ర్యాన్ క్యూల్స్ అనే సైనికాధికారిది. ఆయన 2005లో ఇరాక్‌లో ఒక చెయ్యి, ఒక కాలు పోగొట్టుకున్నారు.

రెండోది స్పెషల్ హోమ్ అడాప్టేషన్ గ్రాంటు. రెండు చేతులూ పనిచేయనివాళ్ళకు, తీవ్రమైన కాలిన గాయాలు, కొన్ని రకాల ఊపిరితిత్తుల దెబ్బలు ఉన్నవాళ్ళకు ఇస్తారు. 2024లో దీని పరిమితి 23,444 డాలర్లు. ఇల్లు మాజీ సైనికుడిదే కానక్కరలేదు, కుటుంబసభ్యులదైనా సరే.

మూడోది మన కుటుంబాలకు అతి ముఖ్యమైనది. పై రెంటిలో ఒకదానికి అర్హత ఉండి, సొంత ఇల్లు లేక తాత్కాలికంగా అమ్మానాన్నల దగ్గరో అన్నగారింట్లోనో ఉంటున్నవాళ్ళకు, ఆ ఇంటినే మార్చడానికి ఇచ్చే గ్రాంటు ఇది. 2006లో మొదలైంది. 2024లో మొదటి రకం అర్హత ఉన్నవాళ్ళకు 47,130, రెండో రకం వాళ్ళకు 8,415 డాలర్ల వరకు ఇచ్చారు. 2012 చట్టం వచ్చాక ఈ సొమ్మును అసలు గ్రాంటు పరిమితిలోంచి తగ్గించడం లేదు. కొడుకు దెబ్బతిని వస్తే ఎక్కడికి వస్తాడు? మన ఇంటికే వస్తాడు. అలాంటప్పుడు మన నోటి వెంట వచ్చే మొదటి మాట, “ఇల్లు మా పేరు మీద ఉంది, మాకెందుకిస్తారు?” అని. ఇస్తారు. ఈ ఒక్క మాట గుర్తు పెట్టుకుని వెళ్ళినా మీరు ఈ గదికి వచ్చినందుకు ఫలితం దక్కినట్టే.

నాలుగోది హీసా అనే చిన్న గ్రాంటు. ఇది వి.ఏ. ఆరోగ్య విభాగం నుంచి వస్తుంది. ర్యాంపు, బాత్‌రూమ్ తలుపు వెడల్పు చేయడం, కుర్చీతోనే లోపలికి వెళ్ళగలిగే షవర్, వంటింటి గట్టు ఎత్తు తగ్గించడం లాంటి వైద్యపరంగా అవసరమైన పనులకు ఇస్తారు. వి.ఏ. డాక్టరు రాసివ్వాలి. 2010 చట్టం దీని జీవితకాల పరిమితిని సైనిక సేవ వల్ల వచ్చిన వైకల్యానికి 6,800 డాలర్లు, ఇతర కారణాల వల్ల వచ్చినదానికి 2,000 డాలర్లు చేసింది. యుద్ధంలో దెబ్బ తగలకపోయినా, పెద్దవయసులో పక్షవాతం వచ్చిన మాజీ సైనికుడికి కూడా దారి ఉందన్నమాట.

డబ్బు వస్తుందనగానే మేస్త్రీని పిలవకండి. ముందు దరఖాస్తు. పెద్ద గ్రాంట్లకు 26-4555 నంబరు ఫారం, హీసాకు 10-0103. పెద్ద గ్రాంటుకు అర్హత తేలాక వి.ఏ. ప్రతినిధి ఇంటికొచ్చి చూస్తారు, నక్షా, ఖర్చు అంచనా అడుగుతారు. పని జరిగేకొద్దీ తనిఖీ చేసి విడతలుగా సొమ్ము విడుదల చేస్తారు. అనుమతి రాకముందే గోడలు పగలగొడితే ఆ ఖర్చు తిరిగి వస్తుందన్న భరోసా లేదు. దరఖాస్తు నింపడానికి కౌంటీల్లో ఉండే వెటరన్స్ సర్వీస్ ఆఫీసర్లు, డిజేబుల్డ్ అమెరికన్ వెటరన్స్, అమెరికన్ లీజియన్ లాంటి సంఘాల వాళ్ళు ఉచితంగా సాయం చేస్తారు. ఫారం నింపడానికి వేల డాలర్లు అడిగేవాళ్ళకు దణ్ణం పెట్టి పంపించెయ్యండి.

ఒక లెక్క కూడా చెప్తాను. ర్యాంపుకు వాడుకలో ఉన్న కొలత, ఒక అంగుళం ఎత్తుకు పన్నెండు అంగుళాల పొడవు. ఏడేసి అంగుళాల మెట్లు మూడుంటే ఎత్తు ఇరవై ఒక్క అంగుళాలు, అంటే ర్యాంపు ఇరవై ఒక్క అడుగులు. దానికి పెరట్లో చోటుందా, కాలనీ సంఘం అనుమతి కావాలా, ఇవన్నీ ముందే చూసుకోవాలి. కుర్చీ చుట్టూ తిరగడానికి అయిదడుగుల జాగా వదలాలి. నిప్పు అంటుకుంటే బయటపడడానికి రెండో దారి కూడా ఉండాలి.

మనలో చాలామందికి ప్రభుత్వం దగ్గర చెయ్యి చాపడం నామోషీ. “మాకు దేవుడిచ్చింది ఉంది, ఆ డబ్బు లేనివాళ్ళకు పోనీ” అంటారు. అనడంలో మంచితనం ఉంది. కానీ ఇది పేదలకిచ్చే దానం కాదు, ఆదాయం చూసి ఇచ్చేదీ కాదు. ఆ పిల్లవాడు తన శరీరంతో ముందే చెల్లించిన దానికి దేశం తీర్చుకుంటున్న బాకీ. మీరు వద్దంటే అది వేరెవరికో చేరదు. వాడి బాత్‌రూమ్ తలుపు మాత్రం అలాగే ఇరుకుగా ఉండిపోతుంది.

చివరగా మన సంఘాలకు ఒక విన్నపం. మనలో సివిల్ ఇంజనీర్లున్నారు, ఆర్కిటెక్టులున్నారు, ఫిజికల్ థెరపిస్టులున్నారు. ప్రతి నగరంలో నలుగురు కలిసి, తెలుగువాళ్ళయినా కాకపోయినా, ఏడాదికి ఒక్క మాజీ సైనికుడి ఇంటికి వెళ్ళి కొలతలు తీసి, నక్షా గీసి, దరఖాస్తు పూర్తయ్యేదాకా తోడుండండి. రెండేళ్ళకు మళ్ళీ మహాసభల్లో కలిసినప్పుడు ఎన్ని తలుపులు వెడల్పయ్యాయో లెక్క చెప్పుకుందాం.